మూడు పేజీలు, ఆరుగురు, శనివారం మధ్యాహ్నం

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. దక్షిణ ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురంలో ఉన్న పదకొండు మంది పీహెచ్‌డీ స్కాలర్లు కలిసి వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు. అందరూ తెలుగు ఇళ్ల పిల్లలే కానీ యూనివర్సిటీలు వేరు, సబ్జెక్టులు వేరు. మొదటి నెల సందడిగా ఉంది. ఇప్పుడు గుడ్ మార్నింగ్ బొమ్మలూ పీడీఎఫ్‌లూ తప్ప ఏమీ రావడం లేదు. "దీన్ని ఎలా నిలబెట్టాలి అక్కా?" అని అడిగావు. అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను.

నేను బరంపురంలో ఒక డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. ఉద్యోగం చేస్తూ, ఇద్దరు పిల్లల్ని పెంచుతూ నలభై ఒకటో ఏట పీహెచ్‌డీ పూర్తి చేశాను. 2020 లాక్‌డౌన్‌లో, ఆంధ్రా సరిహద్దులో పాతపట్నం దగ్గర రోడ్డు మూసేసి అటు వాళ్లు అటూ ఇటు వాళ్లు ఇటూ ఆగిపోయిన రోజుల్లో, ఏడుగురితో ఆన్‌లైన్‌లో ఒక బృందం మొదలుపెట్టాను. అది ఇప్పటికీ నడుస్తోంది. అంతకు ముందు ఒకటి మొదలుపెట్టి నా చేతులతోనే పాడుచేశాను. రెండిటి సంగతీ చెబుతాను.

మీ గ్రూపు చల్లబడింది ఎవరి బద్ధకం వల్లా కాదు. అందులోకి రావడానికి ఎవరికీ పని లేదు, అంతే. ఒకప్పుడు ఒక వ్యాసం కావాలంటే ఢిల్లీలోనో హైదరాబాద్‌లోనో ఉన్న స్నేహితుల్ని బతిమాలుకునేవాళ్లం. ఇప్పుడు శోధ్‌గంగ అనే ఉచిత వెబ్‌సైట్‌లో మన యూనివర్సిటీల థీసిస్‌లు ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. 2025 జనవరి 1 నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద ప్రభుత్వ యూనివర్సిటీల్లో, ప్రభుత్వ కాలేజీల్లో ఉన్నవాళ్లకి ముప్పై పబ్లిషర్ల జర్నల్స్, దాదాపు 13,000, అందుబాటులోకి వచ్చాయి. మొదటి దశలో ప్రైవేటు సంస్థలు లేవు కాబట్టి మీలో అక్కడ రిజిస్టర్ అయినవాళ్లకి ఇంకా ఇబ్బందే. అయినా మొత్తం మీద కాగితాల కరువు చాలావరకు తీరింది. తీరనిది ఒక్కటే. నువ్వు రాసింది మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా చదివి, "ఇదిగో, ఇక్కడ నాకు అర్థం కాలేదు" అని చెప్పే మనిషి దొరకడు.

గైడు చదువుతారు. కానీ ఆయనకి క్లాసులు, పరీక్షలు, మీటింగులు, నీలాంటివాళ్లు ఇంకో నలుగురు. మన పని ఎంత సాగిందో చూసే రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందుకి సెమిస్టరుకి ఒకసారి వెళ్తాం. ఒక కమిటీకీ ఇంకో కమిటీకీ మధ్య రాయగడలో అద్దెగదిలో కూర్చున్నవాడు ఎవరితో మాట్లాడాలి? పెద్ద క్యాంపస్‌లో ఉన్నవాళ్లకి హాస్టల్ వరండా ఉంది, టీ కొట్టు ఉంది, పక్క గదిలో సీనియర్ ఉంటాడు. మన వైపు సగం మంది ఉద్యోగం చేస్తూనో ఇల్లు చూసుకుంటూనో చదివేవాళ్లు. ఆ టీ కొట్టు మీ గ్రూపే కావాలి.

దానికి మొదటి పని, పదకొండు మందిని రెండు బృందాలు చెయ్యి. ఐదుగురు, ఆరుగురు. ఇంతకు మించితే వారానికొకరు చొప్పున వంతు రావడానికి మూడు నెలలు పడుతుంది, ఆ లోపల ఆసక్తి పోతుంది. ఆరుగురైతే నెలన్నరకి ఒకసారి నీ వంతు వస్తుంది. నెలన్నరలో మూడు పేజీలు ఎవరైనా రాయగలరు, రాయకపోతే సిగ్గేస్తుంది. సబ్జెక్టుల వారీగా విడగొట్టకు. అందరూ ఎకనామిక్స్ వాళ్లే అయితే మాటలు తెలియకుండానే పోటీలోకి దిగుతాయి. బోటనీ అమ్మాయికి, చరిత్ర అబ్బాయికి పోటీ ఉండదు. పైగా సబ్జెక్టు తెలియనివాళ్లు అడిగే ప్రశ్న ఎలాంటిదో ఒకటి చెబుతాను విను.

మా బృందంలో గుణుపురం వైపు నుంచి ఒక అమ్మాయి ఉండేది. కొండ మీద నుంచి వారపు సంతకి దిగివచ్చే సవర తెగ ఆడవాళ్ల వ్యాపారం మీద ఆమె పరిశోధన. మూడు పేజీలు పంపింది. ఏమేం తెస్తారు, ఎన్ని గంటలకి బయల్దేరతారు, ఎంత దూరం నడుస్తారు, అన్నీ ఉన్నాయి. చక్కటి ఇంగ్లిష్. ఎకనామిక్స్ వాళ్లిద్దరూ బాగుందన్నారు. ఫిజిక్స్ చేస్తున్న అబ్బాయి ఒకడు, ఎప్పుడూ పెద్దగా మాట్లాడడు, మెల్లిగా అడిగాడు: "అక్కా, కందులు దేంతో కొలుస్తారు? కుంచం ఎవరిది? కొనేవాడు తెచ్చుకుంటాడా, అమ్మే ఆవిడ తెస్తుందా?" ఆ అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తరవాత, "కొనేవాళ్లదే. నేను ఎప్పుడూ దాని వైపు చూడలేదు" అంది. మరుసటి వారం సంతకి వెళ్లి నాలుగు కుంచాలు కొలిచి వచ్చింది. ఒకదానికొకటి పొంతన లేదు. ఆమె థీసిస్‌లో అందరూ మెచ్చుకున్న అధ్యాయం ఆ కొలతల మీదే నడిచింది. కొలతంటే ప్రాణం పెట్టే ఫిజిక్స్ కుర్రాడికే ఆ ప్రశ్న తట్టింది. మాకెవరికీ తట్టలేదు.

సమావేశం ఎలా నడపాలో ఇప్పుడు కాస్త వివరంగా రాస్తాను. బృందం బతకడం, చావడం ఇక్కడే తేలుతుంది.

వంతు వచ్చినవాళ్లు రెండు రోజుల ముందు మూడు పేజీలు పంపాలి. మూడే. ఇరవై పేజీలు పంపితే ఎవరూ చదవరు, చదివినట్టు నటిస్తారు, నటన మొదలైన రోజున బృందం అయిపోయినట్టే. పేజీలతో పాటు ఒక ప్రశ్న కూడా రాయాలి. "ఎలా ఉంది?" అని కాకుండా, "రెండో పేజీలో నా వాదన తెలుస్తోందా?" అనో, "ఈ పట్టిక అవసరమా?" అనో. సమావేశంలో ముందుగా ఒకరు ఆ మూడు పేజీల్లో తనకి ఏం అర్థమైందో తన మాటల్లో చెప్పాలి. మంచిచెడ్డలు ఎంచకూడదు, అర్థమైంది చెప్పాలి, అంతే. ఆ పది నిమిషాలూ రాసినవాళ్లు నోరు విప్పకూడదు. ఇది కష్టం. "అది కాదు నేననేది" అని గొంతుదాకా వస్తుంది. కానీ నువ్వు అనుకున్నదానికీ అవతలివాళ్లకి అందినదానికీ మధ్య ఎంత ఖాళీ ఉందో ఆ పది నిమిషాల్లో తెలిసినట్టు ఇంకెప్పుడూ తెలియదు. తరవాత సందేహాలు. సూచనలు ఆఖర్న. ఇంగ్లిష్ తప్పులు సమావేశంలో ఎత్తనే కూడదు, ఫైల్‌లో గుర్తుపెట్టి విడిగా పంపితే చాలు.

ఈ చివరి నియమం నా తప్పు నుంచి వచ్చింది. మొదటి బృందంలో నేనే అందరికన్నా పెద్ద, కాలేజీలో ఉద్యోగం కూడా ఉంది. కాశీనగర్ వైపు నుంచి ఒక అబ్బాయి మొదటి డ్రాఫ్ట్ పంపాడు. ఒడియా మీడియంలో చదువుకున్నవాడు, ఎంతో కష్టపడి ఇంగ్లిష్‌లో రాశాడు. నేను సాయం చేస్తున్నాననే అనుకుని ప్రతి వాక్యం దిద్దాను. స్క్రీన్ మీద అందరి ముందూ పెట్టాను. పేజీ నిండా ఎరుపు. అతను "థ్యాంక్యూ మేడమ్" అన్నాడు. తరవాతి వారం నెట్ లేదన్నాడు, ఆ పైవారం ఊళ్లో పని ఉందన్నాడు, ఆ తరవాత ఏమీ అనలేదు. అతని వాదనలో ఒక మంచి ఆలోచన ఉంది. దాని గురించి నేను ఒక్క మాట కూడా అనలేదని రెండేళ్ల తరవాత ఆ ఫైల్ మళ్లీ తెరిచినప్పుడు తెలిసింది. ఆ బృందంలో మిగిలినవాళ్లు కూడా నేను మాట్లాడేదాకా ఆగి, నేనన్నదే అనేవాళ్లు. అందుకే ఇప్పుడు వయసులోగానీ ఉద్యోగంలోగానీ పెద్దవాళ్లు ఆఖర్న మాట్లాడతారు. నేనూ అంతే. మీలో ఎవరైనా లెక్చరర్ ఉంటే ఈ మాట మొదటి రోజే చెప్పు, ఏమీ అనుకోరు. గైడుల్ని మాత్రం గ్రూపులో చేర్చకు. ఎంత మంచివాళ్లైనా సరే, వాళ్లు ఉన్నచోట "నాకు అర్థం కాలేదు" అనే మాట ఎవరి నోటా రాదు.

రోజు, వేళ ఒకసారి పెట్టుకుంటే మార్చకండి. ప్రతి వారం "ఎవరికి ఎప్పుడు వీలు?" అని అడగడం మొదలుపెడితే మూడో వారానికి సమావేశం ఉండదు. కానీ ఆ వేళ పెట్టేముందు ఆడపిల్లల్ని విడిగా అడుగు. మేము మొదట రాత్రి ఎనిమిదిన్నర పెట్టాం, అందరూ సరే అన్నారు. ఒకామె ఎప్పుడూ వీడియో ఆపి, మైక్ ఆపి ఉండేది. ఆసక్తి లేదేమో అనుకున్నాం. ఒకరోజు మైక్ ఆపడం మరిచిపోయింది. అట్ల పెనం చప్పుడు, "ఇంకొకటి వెయ్యనా మావయ్యా" అన్న మాట వినిపించాయి. మిక్సీకి ఆనించి ఫోన్ పెట్టుకుని మా మాటలు వింటోందన్నమాట, నాలుగు నెలలుగా. ఆ వారమే శనివారం మధ్యాహ్నం మూడుకి మార్చాం. తరవాత చూస్తే మాలో అందరికన్నా పదునుగా చదివేది ఆమే.

ఇక భాష సంగతి. మన పరిస్థితి హైదరాబాద్ వాళ్లకీ భువనేశ్వర్ వాళ్లకీ అంత తేలిగ్గా అర్థం కాదు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, థీసిస్ ఇంగ్లిష్. మనవాళ్లలో చాలామందికి తెలుగు మాట్లాడడమే గానీ చదవడం, రాయడం రాదు. తెలుగులో పొడుగ్గా మెసేజ్ పెడితే సగం మంది చదవలేక ఊరుకుంటారు, చదవలేమని చెప్పుకోరు. వాయిస్ మెసేజ్‌లు పెట్టండి. సమావేశంలో తెలుగే మాట్లాడండి, కావలసిన చోట ఒడియా, ఇంగ్లిష్ మాటలు వాటంతటవే వస్తాయి. కోరాపుట్ నుంచి ఒకతను తన సిద్ధాంతాన్ని ఇంగ్లిష్‌లో పావుగంట చెప్పాడు, ఎవరికీ అందలేదు, అతనికే చెమటలు పట్టాయి. "తమ్ముడూ, మీ అమ్మకి చెబుతున్నట్టు చెప్పు" అన్నాను. రెండు నిమిషాల్లో చెప్పేశాడు. ఆ రెండు నిమిషాలూ రికార్డు చేసుకుని, వింటూ ఇంగ్లిష్‌లోకి రాసుకున్నాడు. అదే అతని మొదటి అధ్యాయంలో మొదటి పేరా అయింది. అప్పటి నుంచి మా దగ్గర ఇది పద్ధతి: ముందు నోటితో చెప్పు, తరవాత రాయి. పర్లాకిమిడి వాడివి, గిడుగు రామమూర్తి గారి సంగతి నీకు చెప్పక్కర్లేదు. ఆ ఊళ్లో బడి పంతులుగా ఉంటూ సవరల నోట విని విని వాళ్ల భాష నేర్చుకున్నారు. సవర వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లిష్ నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. అన్నేళ్లూ ఆయన ముందు చేసిన పని వినడమే.

మీలో ఒడియా మాతృభాష వాళ్లు ఒకరిద్దరు చేరితే మాత్రం ఆ రోజుల్లో ఒడియాలోనే మాట్లాడుకోండి. మనందరికీ వచ్చిన భాషే కదా.

సాంకేతిక విషయాలు ఎక్కువ చెప్పను. గూగుల్ మీట్ ఉచితంగా అయితే గంట దాటగానే ఆగిపోతుంది. మంచిదే, గంటలో ముగించడం అలవాటవుతుంది. కొండల్లో ఉన్నవాళ్లకి వీడియో బలవంతం చెయ్యకండి. నెట్ పోతే మామూలు ఫోన్‌లో కాన్ఫరెన్స్ కాల్‌కి కలుపుకోండి. ఇది ముందే అనుకుని ఉంచితే ఎవరూ కంగారు పడరు. గుణుపురం బండిలో కూర్చుని మాట్లాడినవాళ్లు కూడా మాలో ఉన్నారు. రిఫరెన్సులకి జొటెరో ఉచితం, అందులో బృందానికి ఒక ఉమ్మడి లైబ్రరీ పెట్టుకోవచ్చు. ఎవరి యూనివర్సిటీ లాగిన్ వాళ్లదే, పాస్‌వర్డులు పంచుకోవద్దు. ప్రతి వారం ఒకరు ఐదు వాక్యాల్లో జరిగింది రాసిపెట్టాలి, రానివాళ్ల కోసం.

ఇంకొకటి ఉంది, దీని గురించి ఎవరూ చెప్పరు. మౌనంగా రాసుకునే గంట. వారంలో రెండు రోజులు, తెల్లవారుజామున ఐదున్నరకి. అందరూ లైన్‌లోకి వస్తారు, ఒక్కొక్కరు ఒక్క వాక్యం చెబుతారు: "ఈ రోజు పద్ధతుల భాగంలో రెండు పేరాలు." మైకులు ఆపేస్తారు. యాభై నిమిషాలు. మళ్లీ మైకులు తెరిచి ఏం చేశారో చెబుతారు, చెయ్యలేకపోతే చెయ్యలేదని చెబుతారు. ఎవరూ ఎవర్నీ ఏమీ అనరు. ఇందులో ఏముంది అనిపిస్తుంది. కానీ అవతల ఇంకో ఐదుగురు కూర్చుని రాస్తున్నారని తెలిస్తే చెయ్యి ఫోన్ వైపు పోదు. మా బృందంలో పూర్తయిన నాలుగు థీసిస్‌లలో ఎక్కువ భాగం ఆ తెల్లవారుజాముల్లో రాసినవే.

నమ్మకం గురించి రెండు మాటలు. ఇక్కడ చదివిన డ్రాఫ్ట్ బయటికి వెళ్లకూడదు, ఎవరికీ ఫార్వర్డ్ చెయ్యకూడదు. మొదటి రోజే అందరూ ఒప్పుకోవాలి. ఇద్దరు కలిసి వ్యాసం రాయాలనుకుంటే ఎవరి పేరు ముందు, ఎవరి పని ఏది అన్నది మొదలుపెట్టకముందే మెసేజ్‌లో రాసిపెట్టుకోండి. స్నేహం ఉంది కదా అని వదిలేసినచోటే స్నేహాలు పోయాయి. ఒకరి డ్రాఫ్ట్‌లోంచి ఇంకొకరు వాక్యాలు ఎత్తుకోవడం అసలే వద్దు. 2018 యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) నిబంధనల్లో వేరేవాళ్ల రాతతో పోలిక పది శాతం దాటితే చర్యలు మొదలవుతాయి, అరవై దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. "పది రోజుల్లో పబ్లికేషన్, ఇంత కట్టండి" అనే మెసేజ్‌లు గ్రూపులోకి వస్తే వెంటనే తీసెయ్. 2022 నిబంధనల్లో థీసిస్ ఇవ్వడానికి పేపర్ తప్పనిసరి అన్న షరతు తీసేశారు. మీ యూనివర్సిటీ సొంత నియమం ఏమిటో చూసుకోండి గానీ, భయంతో ఆ జర్నల్స్‌కి డబ్బు కట్టకండి. మంచి జర్నల్స్ ఏవో చెప్పే కేర్ జాబితాని కూడా 2025లో యూజీసీ ఎత్తేసింది కాబట్టి ఏ జర్నల్ మంచిదో ఇప్పుడు మనమే తేల్చుకోవాలి, అది ఆరుగురు కలిసి చేస్తే తేలికవుతుంది.

నిబంధనలు అంటే గుర్తొచ్చింది. మాలో ఒకామెకి రెండో కాన్పు. ఐదో ఏడు నడుస్తోంది, ఆరేళ్లలో అవ్వదని తేల్చేసుకుంది. ఒక ఆఫీసులో అడిగితే "టైమ్ అయిపోతే అంతేనమ్మా" అన్నారట. మానేస్తున్నానని గ్రూపులో మెసేజ్ పెట్టింది. రాయగడ నుంచి ఒకతను అరగంటలో 2022 యూజీసీ నిబంధనల్లోని ఆ పేజీ పంపాడు. ఆడవాళ్లకి అదనంగా రెండేళ్లు ఇవ్వొచ్చు, మొత్తం కోర్సులో 240 రోజుల దాకా ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఇవ్వొచ్చు. నలభై శాతం పైన వైకల్యం ఉన్నవాళ్లకి కూడా ఆ రెండేళ్లు వర్తిస్తాయి. ఆమె ఆ పేజీ జతచేసి దరఖాస్తు పెట్టింది. ఇప్పుడు ఆఖరి అధ్యాయంలో ఉంది. ఆ పేజీ ఎప్పటి నుంచో అందరికీ అందుబాటులోనే ఉంది. ఆ రాత్రి ఆమె కోసం దాన్ని వెతికినవాడు ఒకడున్నాడు, తేడా అదే.

అందుకే జంటలు పెట్టుకోండి. ప్రతి మనిషికీ బృందంలో ఒక జత. ఎవరైనా రెండు వారాలు కనపడకపోతే ఆ జత ఫోన్ చెయ్యాలి. గ్రూపులో "ఎక్కడున్నావ్, చాప్టర్ ఏమైంది" అని అందరి ముందు అడగడం కాదు, విడిగా ఫోన్ చేసి "తిన్నావా, ఇంట్లో అందరూ బాగున్నారా" అని అడగడం. థీసిస్ మాట ఎత్తకూడదు. మాలో ఒకతని నాన్నగారికి వారానికి మూడుసార్లు డయాలసిస్, బరంపురం తీసుకురావాలి. నెలన్నర మౌనంగా ఉన్నాడు. జత ఫోన్ చేస్తేనే తెలిసింది. ఆస్పత్రి వరండాలో కూర్చున్న గంటల్లో అతనికి ఒకరోజు నేను, ఒకరోజు ఇంకొకరు ఫోన్ చేసి ఊరికే మాట్లాడేవాళ్లం. మూడు నెలలకి అతనే అడిగాడు, "నా వంతు ఎప్పుడక్కా?" అని. ఎవరి మాటల్లోనైనా బతుకు మీద విసుగు వినిపిస్తే మాత్రం మీరే సర్దిచెప్పేద్దాం అనుకోకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబర్ 14416, ఉచితం, పగలూ రాత్రీ ఉంటుంది, తెలుగులో కూడా మాట్లాడతారు. పక్కన కూర్చుని ఆ ఫోన్ చేయించండి, ఇంట్లో నమ్మకమైనవాళ్లకి చెప్పండి.

గైడు మీద కోపాలు, స్కాలర్‌షిప్ ఆలస్యాలు, ఇలాంటివి మాట్లాడుకోవద్దని నేను అనను. గుండెలో పెట్టుకుంటే చదువు సాగదు. కానీ వాటికి సమావేశం అయ్యాక పావుగంట విడిగా పెట్టండి. ముందు పెడితే గంటంతా అందులోనే పోతుంది, మూడు పేజీలు రాసి పంపినవాళ్లు అలాగే కూర్చుండిపోతారు.

ఆరు నెలలకోసారి ముఖాముఖి కలవండి. పర్లాకిమిడి అందరికీ మధ్యలో ఉండకపోయినా బస్సులు దొరుకుతాయి, గుణుపురం వాళ్లకి రైలు ఉంది. ఎవరింట్లోనో భోజనం, సాయంత్రానికి ఎవరి ఊరికి వాళ్లు. ఒక్కసారి కలిసి తిన్నాక స్క్రీన్ మీద మాట మారుతుంది, నువ్వే చూస్తావు.

ఇక నువ్వు చెయ్యాల్సింది. రేపు గ్రూపులో కొత్త నియమాల పట్టిక పెట్టకు. నువ్వు ఎక్కడ ఆగిపోయావో ఆ భాగంలోంచి మూడు పేజీలు తీసి, బాగా లేకపోయినా అలాగే, ఒక ప్రశ్న రాసి పెట్టు. "శనివారం మూడింటికి దీని గురించి మాట్లాడదాం, ఎవరొస్తారు?" అని అడుగు. ఇద్దరు వస్తే ఇద్దరితోనే మొదలుపెట్టు. మూడో మనిషి కావాలంటే నాకు ఇక్కడ మెసేజ్ పెట్టు, ఈ శనివారం నాకు ఖాళీయే. నీ పేజీలు చదువుకుని వస్తాను, నా వంతు ఆఖర్న మాట్లాడతాను.